వాల్వు కట్టినా నీళ్ళు ఆగకపోతే: ముందు వాల్వు సంగతి చూడండి, ఆ తర్వాతే కొళాయి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. తిరుపతి బైరాగిపట్టెడలో మీ అమ్మగారు ఒక్కరే ఉంటున్న పాతికేళ్ళ మిద్దిల్లు. కింద బాత్రూంలో వాల్ మిక్సర్ (వేడి, చల్లటి నీళ్ళు కలిపి ఇచ్చే గోడ కొళాయి) కారుతోందని కొత్తది కొనుక్కొచ్చారు. మిద్దె మీద వెయ్యి లీటర్ల ట్యాంకు కింద ఉన్న గేట్ వాల్వు (చక్రం తిప్పితే లోపలి బిళ్ళ దిగి నీళ్ళకు అడ్డం పడేది) పూర్తిగా కట్టేశారు. అయినా కింద పెన్సిలంత ధార వస్తూనే ఉంది. పైపు రెంచి వేసి వాల్వును ఇంకా బిగించాలా, లేకపోతే ధార వస్తుండగానే మిక్సర్ మార్చేయొచ్చా అని అడిగారు.

రెండూ చేయకండి. ముఖ్యంగా రెంచి జోలికి పోవద్దు. ఇరవై ఆరేళ్ళుగా తిరుపతిలో ఇదే పని చేస్తున్నాను. ఇల్లు నీళ్ళపాలైందని నన్ను పరుగున పిలిచిన చోట్ల సగానికి సగం, ఎవరో ఒకరు పాత వాల్వు మీద బలం చూపించినవే.

నేనూ ఆ పని చేశాను. పని నేర్చుకునే రోజుల్లో కొర్లగుంటలో ఒక ఇంటికి వెళ్ళాను. అంతా జీఐ (జింకు పూత ఇనుప) పైపుల లైను. గేట్ వాల్వు చక్రం బిగుసుకుపోయిందని పద్నాలుగు అంగుళాల రెంచి పట్టి తిప్పాను. టిక్కుమని చిన్న చప్పుడైంది. వాల్వు మెడ దగ్గర వెంట్రుకంత చీలిక కనిపించింది. చూస్తుండగానే అది వేలంత అయింది. ట్యాంకు అప్పుడే నింపారు. నీళ్ళన్నీ మెట్ల మీదుగా దిగి మెయిన్ బోర్డు ఉన్న గోడను తడిపేశాయి. ఇంటాయన పరిగెత్తి కరెంటు ఆపేశాడు కాబట్టి ప్రాణాలకు ఏం కాలేదు. తర్వాత ఆ వాల్వును విప్పి చూశాను. లోపల గేటు బిళ్ళ కూర్చునే గాడిలో చింతగింజంత సున్నపు పెచ్చు ఉంది. ఇత్తడి పసుపు రంగు పోయి రాగిలా ఎర్రబడింది. గోటితో గీకితే పొడిపొడిగా రాలింది. ఏళ్ళ తరబడి నీళ్ళలో ఉంటే ఇత్తడిలోని జింకు కరిగిపోయి గుల్లబారిన రాగి మిగులుతుంది. చూడటానికి వాల్వులాగే ఉంటుంది కానీ బలం ఉండదు. మీ వాల్వు కూడా పాతికేళ్ళది కాబట్టి దాన్ని అలాగే అనుకుని ముట్టుకోండి.

మన ఊళ్ళో ఇది ఎక్కువగా జరగడానికి కారణం నీళ్ళే. కార్పొరేషన్ వాళ్ళు కల్యాణి డ్యాం నుంచీ తెలుగుగంగ నుంచీ ఇచ్చే నీళ్ళు కొంత నయం. మన బోరు నీళ్ళు చాలా చోట్ల గట్టి నీళ్ళు. గీజరు కాయిల్ మీద తెల్లగా పేరుకునేదే వాల్వు గాడిలోనూ పేరుకుంటుంది. రోజూ తిప్పే కొళాయిలో అది ఎప్పటికప్పుడు రాలిపోతుంది. ఇల్లు కట్టినప్పుడు తెరిచి మళ్ళీ ముట్టుకోని గేట్ వాల్వులో మాత్రం పొర మీద పొర కడుతుంది.

ఇక మీ ఇంటి సంగతి. వాల్వును దోషి అనుకునే ముందు ఒకటి తేల్చుకోవాలి. ఆ ధార నిజంగా ట్యాంకు నుంచే వస్తోందా?

అంగుళం పైపులో మీటరుకు దాదాపు అర లీటరు నీళ్ళుంటాయి. మిద్దె నుంచి కింద దాకా పది, పదిహేను మీటర్ల లైనుంటే వాల్వు బాగా పనిచేసినా ఐదు నుంచి ఏడు లీటర్ల దాకా కారాల్సిందే. పైన ఉన్న కొళాయి ఒకటి తెరవకపోతే గాలి లోపలికి దూరక అవి గుక్కగుక్కగా గంటసేపు కారతాయి. కాబట్టి వాల్వు కట్టేసి, పై అంతస్తులో ఒక కొళాయీ కింద అన్నిటికన్నా లోతున ఉన్న కొళాయీ తెరిచి, కింద బకెట్ పెట్టండి. పది నిమిషాల తర్వాత ధార సన్నబడి చుక్కలైతే వాల్వు బాగున్నట్టే. ధార అలాగే ఉంటే ఇంకో పరీక్ష ఉంది.

ఆ నీళ్ళలో చెయ్యి పెట్టండి. గోరువెచ్చగా ఉన్నాయా? మీ మిద్దె మీద సోలార్ హీటర్ ఉందో లేదో మీరు రాయలేదు. తిరుపతిలో సోలార్ ఉన్న ఇళ్ళు చాలా ఎక్కువ కాబట్టి అడుగుతున్నాను. వాల్ మిక్సర్‌లో వేడి లైనూ చల్లటి లైనూ లోపల ఒకే గదిలో కలుస్తాయి. రెండు పిడులూ తెరిచి ఉండి షవర్ దగ్గర మాత్రం కట్టి ఉంటే, సోలార్ ట్యాంకులోని నీళ్ళు వేడి లైనులో దిగి, మిక్సర్ గుండా చల్లటి లైనులోకి దూరి, ఇంట్లో ఎక్కడ కొళాయి తెరిచి ఉంటే అక్కడ బయటపడతాయి. గేట్ వాల్వు పాపం కట్టే ఉంటుంది. ఈ తికమకతో మంచి వాల్వులు పీకేసిన ఇళ్ళు నాకు తెలుసు. కాబట్టి సోలార్ ఉంటే దాని వేడి లైను వాల్వు కూడా కట్టి మళ్ళీ చూడండి. ఎండాకాలం మధ్యాహ్నం ఆ నీళ్ళు చెయ్యి కాల్చేంత వేడిగా ఉంటాయి, జాగ్రత్త.

గీజరు ఉంటే లైను ఖాళీ చేసే ముందే దాని స్విచ్ ఆపేయండి. నీళ్ళు జారిపోయిన గీజరు ఆన్‌లో ఉంటే కాయిల్ మాడిపోతుంది. మోటారుకు ఆటోమేటిక్ స్విచ్ ఉంటే అదీ ఆపాలి. లేకపోతే మీరు కింద నీళ్ళు వదిలే కొద్దీ అది పైన నింపుతూనే ఉంటుంది.

ఇవన్నీ చూశాక కూడా చల్లటి నీళ్ళ ధార అలాగే ఉందంటే వాల్వు పట్టడం లేదు. అప్పుడు చక్రాన్ని చేత్తోనే నెమ్మదిగా తిప్పి చూడండి. కొంతదూరం తిరిగి గట్టిగా ఆగుతోందంటే బిళ్ళ కింద చెత్త అడ్డం పడింది. ఎంత తిప్పినా అంతు లేకుండా తిరుగుతోందంటే లోపల స్పిండిల్ (చక్రాన్నీ బిళ్ళనూ కలిపే కడ్డీ) నుంచి గేటు బిళ్ళ ఊడిపోయింది.

చెత్త అడ్డం పడితే నీళ్ళతోనే కడగొచ్చు. కింద కొళాయిలు రెండు మూడు పూర్తిగా తెరిచి పెట్టి, పైన వాల్వును రెండు చుట్లు తెరవండి, నీళ్ళు జోరుగా పోనివ్వండి. మళ్ళీ మెల్లగా కట్టండి. చివరి అర చుట్టు దగ్గర సందు సన్నబడి నీళ్ళు చాలా వేగంగా దూకుతాయి, ఆ వేగానికే గాడిలోని ఇసుకా పెచ్చులూ కొట్టుకుపోతాయి. ఇలా ఏడెనిమిదిసార్లు చేయండి. ఒకరు పైనా ఒకరు కిందా ఉండి ఫోన్‌లో మాట్లాడుకుంటే సులువు. సగం వాల్వులు దీంతోనే దారికొస్తాయి. పూర్తిగా ఆగకపోయినా ధార చుక్కలకు వచ్చిందంటే మీ మిక్సర్ పనికి అది చాలు. చక్రం బిగుసుగా ఉంటే స్పిండిల్ మీద చుక్క నూనె వేసి గంట ఆగండి. కిరసనాయిలు మాత్రం వద్దు, తాగే నీళ్ళ లైను అది.

తిప్పుతుండగా మెడ దగ్గర నుంచి చెమ్మ కారితే కంగారు పడకండి. చక్రం కింద ఉండే గ్లాండ్ నట్టును చిన్న పానాతో కొద్దిగా, అంటే చుట్టులో ఎనిమిదో వంతు, బిగించండి. ఆగకపోతే ఆ నట్టు విప్పి టెఫ్లాన్ టేపును తాడులా పేని స్పిండిల్ చుట్టూ చుట్టి మళ్ళీ బిగించాలి. ఇది పాత వాల్వులన్నిటికీ వచ్చే మామూలు జబ్బే.

బిళ్ళ ఊడిపోయిన వాల్వుకు మందు లేదు, మార్చాలి. ఇప్పుడు చిక్కేమిటంటే, వాల్వు మార్చాలంటే దానికి పైన నీళ్ళు ఆపాలి, దానికి పైన ఉన్నది ట్యాంకే. చాలామంది వెంటనే ట్యాంకు ఖాళీ చేసేస్తారు. ఎండాకాలంలో మన ఊళ్ళో వెయ్యి లీటర్లు వీధిలోకి వదలడం నాకు మనసొప్పదు. ముందు రోజే మోటారు ఆపేసి, ట్యాంకు అడుగుకు వచ్చేదాకా వాడుకోండి. తాగడానికీ వంటకీ బిందెల్లో పట్టి పెట్టండి. మిగిలిన జానెడు నీళ్ళు బకెట్లతో చెట్లకు పోసేయొచ్చు. ట్యాంకు అడుగున మడ్డి ఉంటుంది, అదీ కడిగినట్టవుతుంది.

అంత టైము లేకపోతే ట్యాంకు లోపలి నుంచే ఆపొచ్చు. నీళ్ళు బయటికి పోయే రంధ్రం ట్యాంకు అడుగుకు రెండు మూడు అంగుళాల పైన ఉంటుంది. లోపలి వైపు ట్యాంకు నిపుల్ (పైపును ట్యాంకుకు కలిపే మరలున్న ముక్క) మర కొంచెం బయటికి ఉంటే దాని మీద ఎండ్ క్యాప్ తిప్పేస్తే సరి. మర లేకపోతే మందపాటి గుడ్డను ప్లాస్టిక్ కవర్లో పెట్టి, రంధ్రం కన్నా బాగా పెద్ద ఉండగా గట్టిగా చుట్టి, దానికి నైలాన్ తాడు కట్టి, తాడు రెండో కొస ట్యాంకు మూత బయట దేనికైనా కట్టేయండి. ఆ ఉండను కర్రతో రంధ్రం దగ్గరికి తీసుకెళ్తే నీళ్ళే దాన్ని లాగి అదిమి పెట్టుకుంటాయి. తాడు మర్చిపోవద్దు. తాడు కట్టకుండా పెట్టిన గుడ్డ పైపులోకి పోయి బెండు దగ్గర ఇరుక్కుంటే పైపు కోయడం తప్ప దారి లేదు. పని అయ్యాక తాడు లాగితే ఉండ పైకి వస్తుంది. ట్యాంకు లోపలికి మనిషి దిగొద్దు, కరెంటు లైటు వేలాడదీయొద్దు, సెల్ఫోన్ లైటు చాలు.

మీ రెండో ప్రశ్నకు వస్తాను. ధార వస్తుండగా పని చేయొచ్చా అంటే, మర బిగింపు పనులు చేయొచ్చు, అతుకు పనులు చేయకూడదు. సీపీవీసీ (వేడి నీళ్ళకూ ఆగే ప్లాస్టిక్) పైపుకు వేసే సాల్వెంట్ సిమెంట్, అంటే అతుకు జిగురు, పైపును కరిగించి అతుకుతుంది. తడి ఉంటే ఆ పని జరగదు. అప్పటికి నిలబడినట్టే ఉండి, ఏ అర్ధరాత్రో ఊడుతుంది. కొద్దిగా నీళ్ళు ఆగకుండా వస్తున్న నిలువు లైను నుంచి పక్కకు చీలిన పైపులో అతుకు వేయాల్సి వస్తే, అంతకన్నా కింద ఒక కొళాయి తెరిచి నీళ్ళకు అటు దారి చూపించండి. అతుకు దగ్గర పైపు ఎండుతుంది. గుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, అప్పుడు సిమెంట్ రాయండి.

మర పనికి మాత్రం మా పనివాళ్ళ పద్ధతి ఒకటుంది, మీకు తప్పక పనికొస్తుంది. అర అంగుళం బాల్ వాల్వు (లోపల రంధ్రమున్న గుండు తిరిగి నీళ్ళు ఆపేది) రెండు తీసుకోండి. ఒక్కోదానికి ఒక నిపుల్ బిగించి, నిపుల్ రెండో కొసకు టెఫ్లాన్ టేపు పన్నెండు చుట్లు చుట్టి సిద్ధంగా పెట్టుకోండి. బాల్ వాల్వు తెరిచే ఉండాలి, ఇది అసలు కిటుకు. మిక్సర్ విప్పగానే గోడలోని పాయింటు (పైపు మూతి) నుంచి నీళ్ళు వస్తుంటాయి. కట్టి ఉన్న వాల్వును పెట్టబోతే నీళ్ళు ఎదురుతన్ని మర పట్టనివ్వవు. తెరిచిన వాల్వైతే నీళ్ళు దాని గుండానే పోతుంటాయి, మీరు తీరిగ్గా మర ఎక్కించి బిగించి, ఆఖరున పిడి తిప్పితే ధార ఠక్కున ఆగుతుంది.

నీళ్ళ తోపుకు భయపడనక్కర్లేదు. పది మీటర్ల ఎత్తు నుంచి దిగే నీళ్ళు చదరపు సెంటీమీటరు మీద దాదాపు ఒక కిలో బరువు వేస్తాయి. మీ ట్యాంకు కింద బాత్రూం పాయింటుకు ఆరేడు మీటర్ల ఎత్తుంటుంది. అంటే అర అంగుళం పాయింటు మీద తోపు కిలోకు అటూ ఇటుగానే, బొటనవేలితో అదిమి పట్టొచ్చు. ప్రెషర్ పంపు ఉన్న ఇళ్ళలో ఈ లెక్క చెల్లదు, పంపు ఆపాలి. వేడి వైపు పాయింటుకు ఈ పద్ధతి వాడేముందు అది చల్లబడిందో లేదో చూసుకోండి.

అయినా మీకు నా సలహా, ఈ పద్ధతిని ఆపద్ధర్మంగా ఉంచుకుని ముందు పై వాల్వు మార్చేయండి. ఈ రోజు ఎలాగో మిక్సర్ మార్చేసినా, రేపు ఇంకో కొళాయికి ఇదే బాధ. అమ్మగారు ఒక్కరే ఉన్నప్పుడు ఏ ఫ్లష్ ట్యాంకు పైపో తెగితే ఆపే దారి ఉండాలి.

మార్చేటప్పుడు మళ్ళీ గేట్ వాల్వు వేయకండి. గట్టి నీళ్ళున్న చోట ట్యాంకు కింద నేను పదేళ్ళుగా బాల్ వాల్వులే వేస్తున్నాను. పిడి పావు చుట్టు తిప్పితే చాలు. లోపలి గుండు తిరిగినప్పుడల్లా పొరను గీకుతుంది. పిడి పైపుకు సమాంతరంగా ఉంటే తెరిచినట్టు, అడ్డంగా ఉంటే కట్టినట్టు, దూరం నుంచే తెలుస్తుంది. దాన్ని సగం తెరిచి మాత్రం వాడకండి, లోపలి తెల్ల రింగులు ఒకవైపే అరిగి కారడం మొదలవుతుంది. మీ మిద్దె మీద పైపులు సీపీవీసీ అయితే అదే రకం బాల్ వాల్వు, అటూ ఇటూ యూనియన్ ఉన్నది అడగండి. రేపెప్పుడైనా పాడైతే పైపు కోయకుండా యూనియన్ విప్పి తీసేయొచ్చు. ఇత్తడిది కొంటే ఐఎస్ఐ గుర్తు చూడండి, చేతిలో బరువు చూడండి. ఒకే సైజు వాల్వులు రెండు పక్కపక్కన పట్టుకుంటే తేలికపాటిది వెంటనే తెలిసిపోతుంది. ప్లాస్టిక్ వాల్వైతే దాని మీద ఎండ పడకుండా చూడండి. 40 డిగ్రీలు దాటే ఊళ్ళో నాలుగేళ్ళు ఎండకు ఉంటే పిడి పెళుసెక్కి చేతికి ఊడొస్తుంది. కోసిన పాత ప్లాస్టిక్ డబ్బా ఒకటి బోర్లిస్తే చాలు.

సీపీవీసీకి సీపీవీసీ సిమెంటే వాడాలి, యూపీవీసీ (చల్లటి నీళ్ళకు వాడే ప్లాస్టిక్ పైపు) సిమెంట్ డబ్బా తెరిచి ఉంది కదా అని రాయకండి. డబ్బాలో సిమెంట్ జావలా చిక్కబడి ఉంటే పారేయండి. రాసి, పైపు లోపలికి నెట్టి, పావు చుట్టు తిప్పి, ముప్పై సెకన్లు వదలకుండా పట్టుకోండి. ఎంతసేపటికి నీళ్ళు వదలాలో డబ్బా మీద రాసి ఉంటుంది. నేను మాత్రం వీలైతే సాయంత్రం అతికి తెల్లారి నీళ్ళు వదులుతాను. అందుకే ఇలాంటి పని ఇంట్లో చుట్టాలు లేని రోజు పెట్టుకోమంటాను. తిరుమల దర్శనానికి పదిమంది దిగిన రోజు నీళ్ళు ఆపితే ఇంట్లో వాళ్ళ అవస్థ చెప్పలేం. పొద్దున్నే మొదలుపెడితే మధ్యలో ఏదైనా తక్కువైనా షాపులు తెరిచి ఉంటాయి.

వాల్వు మారాక మిక్సర్ పని గంటలో అయిపోతుంది. ఇందులో రెండు జాగ్రత్తలు. పాత మిక్సర్ కాళ్ళు (గోడలోని పాయింట్లకు బిగించే ముక్కలు) విప్పేటప్పుడు పొడుగు రెంచి వేసి ఒక్కసారిగా గుంజకండి. గోడలోది సీపీవీసీ లైనైతే లోపల ఇత్తడి మర ఉన్న ప్లాస్టిక్ బెండు ఉంటుంది, అది మెలితిరిగి పగిలితే టైల్స్ పగలగొట్టాల్సిందే. కొంచెం బిగించినట్టు అటు, కొంచెం వదులు చేసినట్టు ఇటు, అలా కదిలిస్తూ విప్పండి. ఇల్లు పాతది కాబట్టి గోడలో జీఐ పైపే ఉండొచ్చు. అక్కడ తుప్పుపట్టిన కాలు విరిగి మర లోపలే ఉండిపోయిందంటే హ్యాక్సా బ్లేడుతో రెండు గాట్లు పెట్టి, చిన్న ఉలితో లోపలికి వంచి తీయాలి. మొదటిసారి చేసేవాళ్ళు పాయింటు మరలు పాడుచేసుకుంటారు. అది మాత్రం చెయ్యి తిరిగిన మనిషికి వదిలేయండి.

రెండోది, కొత్త మిక్సర్ బిగించే ముందు రెండు పాయింట్లనూ తెరిచి, పై వాల్వు తిప్పి, నిమిషంసేపు నీళ్ళు బకెట్లోకి దూకనివ్వండి. వాల్వుతో ఇన్ని కుస్తీలు పట్టాక లైనులో పెచ్చులు లేచి ఉంటాయి. ఆ బకెట్ అడుగున తెల్లటి పలుకులు మీరే చూస్తారు. అవి కొత్త మిక్సర్‌లోని సెరామిక్ బిళ్ళల మధ్యకు పోతే మొదటి రోజే గీతలు పడి, నెలలో మళ్ళీ కారుతుంది. తర్వాత నీళ్ళు సన్నగా వస్తే లైనులో గాలి పట్టిందన్నమాట. అన్నిటికన్నా కింది కొళాయి పూర్తిగా తెరిచి కాసేపు వదిలితే గాలి బుడబుడమని పోతుంది.

వీధి నుంచి వచ్చే కార్పొరేషన్ లైను వాల్వు కూడా కారుతోందని చివర్లో ఒక ముక్క రాశారు. అది నీళ్ళ మీటరుకు ఇవతల, ఇంటి వైపు ఉంటే మీరు మార్చుకోవచ్చు, నీళ్ళు వదలని వేళ చూసుకుని. రోడ్డు వైపుది ముట్టుకోకండి, కార్పొరేషన్‌లో చెప్తే లైన్‌మన్ వచ్చి చూస్తాడు.

ఇక అమ్మగారి కోసం. కొత్త బాల్ వాల్వు పొడుగు పిడి ఉన్నది తీసుకోండి, పెద్దవాళ్ళ చేతికి బలం సరిపోతుంది. మీ ఇంటికి నేను వచ్చి ఉంటే ఇంకొకటి చేసేవాణ్ణి. లైను మిద్దె దిగి గోడలోకి దూరేముందు, నేల మీద నిలబడి అందుకునే ఎత్తులో, రెండో వాల్వు ఒకటి వేసేవాణ్ణి, ఆమె మిద్దె ఎక్కే పని లేకుండా. చల్లటి లైను వాల్వుకు నీలం పెయింటు, వేడి లైనుకు ఎరుపు వేయండి. మీరు అమ్మగారి దగ్గరికి వెళ్ళిన ప్రతిసారీ ఆమె చేతే ఒకసారి కట్టించి తెరిపించండి. వాల్వుకూ మంచిది, ఆమెకూ అలవాటవుతుంది. ముందు ఆ పది నిమిషాల బకెట్ పరీక్ష చేసి, చక్రం ఆగుతోందా ఊరికే తిరుగుతోందా, సోలార్ ఉందా లేదా చెప్పండి. దాన్నిబట్టి ఏ సైజు సామాను కొనాలో రాసిస్తాను.